దేవదానం బండిలో చెప్పిన కల

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు పొద్దున్నే బయలుదేరే బండ్లలో దేవదానం తుఫాను బండి ఒకటి. పాత జీపులాంటి బండి. వెనక రెండు బెంచీలు ఎదురెదురుగా ఉంటాయి. ఎక్కినవాళ్ల మోకాళ్లు ఒకరివొకరికి తగులుతుంటాయి. బండి ఊరు దాటి హైవే ఎక్కగానే దేవదానం అద్దంలోంచి వెనక్కి చూసి ఒక మాట అడిగేవాడు.

"ఎవురికి ఏం కల వచ్చినాది రాత్రి?"

కొత్తగా ఎక్కినవాళ్లు ఈ మనిషికి ఏమైనా తిక్కా అన్నట్టు చూసేవాళ్లు. పాతవాళ్లు మాత్రం ఆ మాట కోసమే కాచుకున్నట్టు గొంతు సవరించుకునేవాళ్లు.

ఈ అలవాటు అతనికి లారీ తోలేటప్పుడు అంటుకుంది. చర్చి వీధిలో పుట్టి, కూలికి పోయే నాయన వెంట చేలల్లో తిరిగి, పది తప్పి, మీసాలు సరిగ్గా రాకముందే లారీ ఎక్కాడు. ఆళ్లగడ్డలో చెక్కిన రాతి విగ్రహాలను ఎక్కడెక్కడి ఊళ్లకో చేర్చే లారీ అది. వరిగడ్డిలో చుట్టిన దేవుళ్లు వెనక వెల్లకిలా పడుకుని ఉంటే, ముందు ఇతను రోడ్డు చూసుకుంటూ పోయేవాడు. కళ్లు మూతలు పడుతుంటే పక్కనున్న క్లీనర్‌ను "నీకొచ్చిన కల ఏదన్నా చెప్పు" అనేవాడు. తగువు చెప్పే గొంతు వేరు, ధరలు చెప్పే గొంతు వేరు, కల చెప్పే గొంతు వేరు అంటాడు దేవదానం. కల చెప్పే మనిషి మెల్లగా, తనకే పూర్తిగా నమ్మకం లేనట్టు, మంచులో చెయ్యి చాపి తడుముకుంటున్నట్టు మాట్లాడతాడట. ఆ గొంతు వింటుంటే కళ్లు తెరుచుకునే ఉంటాయి గానీ మనసు ఎక్కడో తేలుతుంటుందట.

"కలలు చెప్పుకునేచోట కొట్లాట రాదప్పా. నీ కల తప్పని ఎవుడంటాడు?" అనేవాడు.

తనకు మాత్రం కలలు నిలవవు. లేచి ముఖం మీద నీళ్లు చల్లుకునేలోపల కరిగిపోతాయి. అందుకే పక్కవాళ్లవి వినడమంటే అంత ఇష్టం.

నడుము పట్టేసి లారీ మానుకున్నాక ఈ బండి తీసుకున్నాడు. పొద్దున నంద్యాల, మాపటికి మళ్లీ ఆళ్లగడ్డ. రోజూ ఎక్కేవాళ్లలో ముగ్గురిని అతను ఇంట్లో కూడా పేరుపేరునా తలుచుకునేవాడు. భార్య కృపమ్మ వాళ్లను చూసింది తక్కువే అయినా, వాళ్ల కలలు మాత్రం ఆమెకు తెలుసు.

ఒకాయన శేషయ్య. బత్తలూరు దగ్గర పొలాలున్న పాత రైతు కుటుంబం. నంద్యాలలో విత్తనాల అంగడి నడుపుతాడు. గొంతు పెద్దది. ఆయన కలల్లోకి ఎప్పుడో అమ్మేసిన ఎడ్లు వచ్చి అంగడి ముందు నిలబడేవి. ఇంటికి పోదాం రమ్మన్నట్టు చూసేవట.

రెండో ఆయన ఓబులేసు. నంద్యాలలో ఒక మెస్సులో వంటమనిషి. కలలో కూడా వంటే చేసేవాడు. ఒకసారి అన్నం ఉడికి ఉడికి గిన్నె దాటి, గడప దాటి, వీధంతా తెల్లగా మల్లెపూలు పరిచినట్టు పరుచుకుపోయిందని చెబితే, శిరివెళ్ల దాటేదాకా బండిలో అందరూ కిటికీల్లోంచి రోడ్డు మీదికే చూశారు. అందరికీ ఆ వీధి కనిపిస్తూనే ఉంది.

మూడో ఆమె ఉమామహేశ్వరమ్మ. నంద్యాలలో చిన్నపిల్లల బడిలో టీచరు. మగడు మద్దిలేటయ్య కూడా టీచరే. ఆళ్లగడ్డలో పనిచేసి, జబ్బు చేసి పోయాడు. ఆమె ముందుసీట్లో, దేవదానం పక్కన కూర్చునేది. తన కలలు ఎక్కువ చెప్పేది కాదు. మిగతావాళ్లవి వింటూ కిటికీలోంచి చూసేది. పొద్దున పూట నంద్యాలకు పోతుంటే కుడిచేతి వైపు నల్లమల కొండలు ఉంటాయి. చలికాలంలో కొండలకూ రోడ్డుకూ మధ్య శెనగ చేలన్నీ మంచులో మునిగి, అక్కడక్కడా ఒక కరెంటు స్తంభమో, ఒక ఎద్దు మూపురమో మాత్రం పైకి తేలేవి. సూర్యుడు కొండ మీదికి వచ్చేసరికి మంచంతా పసుపు కలిపిన పాలలా అయ్యేది. వెనక ఎవరో కల చెబుతుండగా ఆ దారిలో పోతుంటే, తాము నిద్ర లేచామో లేదో కూడా తెలిసేది కాదు.

శేషయ్య కొత్తరకం వంకాయ విత్తనం ఏది వచ్చినా మొదటి కాపు ఓబులేసుకే ఇచ్చేవాడు, వండి రుచి చెప్పమని. ఓబులేసు పొద్దున్నే ఇంట్లో బొరుగులతో చేసిన ఉగ్గాని ఆకులో కట్టుకొచ్చి శేషయ్య ఒళ్లో పెట్టేవాడు. "తిను శేషన్నా, అంగడి తీసేలోపల ఆకలైతాది నీకు."

అలాంటి బండిలోకి ఎన్నికలొచ్చాయి.

ఎన్నికలు ఈ సీమకు కొత్త కాదు. ఇదివరకు జాతరలా వచ్చి, గోల చేసి, పోయేవి. ఈసారి సెల్‌ఫోన్లలో దూరి వంటింట్లోకి, మంచంలోకి, బండిలోకి వచ్చి కూర్చున్నాయి. శేషయ్య ఒక పార్టీ, ఓబులేసు ఇంకో పార్టీ. ఇద్దరికీ ఆ సంగతి ముందునుంచీ తెలుసు. తెలిసినా ఎప్పుడూ అడ్డం రాలేదు. ఇప్పుడు మాత్రం శేషయ్య ఎక్కుతూనే ఫోను తీసి ఒక వీడియో గట్టిగా పెట్టేవాడు. అది అయ్యేలోపల ఓబులేసు తన ఫోనులో ఇంకోటి అంతకంటే గట్టిగా పెట్టేవాడు. మిగతావాళ్లు ఎవరి పక్షం వాళ్లు చూసుకుని బెంచీలు మారి కూర్చున్నారు. ఇటు బెంచీ ఒక పార్టీ, అటు బెంచీ ఒక పార్టీ. ఎదుటివాళ్ల మోకాలు తగలకుండా అందరూ పక్కకు తిరిగి కూర్చోవడం దేవదానానికి అద్దంలో కనిపించేది.

మెల్లమెల్లగా మాటలు కూడా పోయాయి. "ఉక్కపోస్తాంది, ఫ్యాను ఉంటే బాగుండు" అని ఎవరన్నా అంటే ఒక బెంచీ నవ్వేది, ఒక బెంచీ మూతి ముడిచేది. టీకొట్టు దగ్గర గ్లాసు అడిగినా అందులో ఏదో ఒక పార్టీ గుర్తు వెతికేవాళ్లు. పువ్వనే మాట, చెయ్యి అనే మాట కూడా చూసుకుని వాడాల్సి వచ్చింది. "మాటలన్నీ ఒక్కొక్కటే ఎవురో ఎత్తుకపోతాండారు మే" అని దేవదానం ఒకరోజు అన్నం తింటూ కృపమ్మతో అన్నాడు. "మిగిలినేటివి ఉప్పు, పప్పు. అవి గూడా ఎన్నాళ్లుంటాయో."

"చర్చిలో మాత్రం బాగుండాదా?" అంది కృపమ్మ. "ప్రార్థన అయిపోయి చెప్పులేసుకునేకాడనే మొదలుపెడ్తాండారు. పాట పాడేటప్పుడు కలిసిన గొంతులు గేటు దాటేలోపల రెండైతాండాయి."

దేవదానాన్నీ వదల్లేదు. ఏ కొట్లో టీ తాగాడో, ఎవరి పెళ్లికి పోయాడో చూసి లెక్కలు కట్టేవాళ్లు. "నువ్వు యా పక్కప్పా?" అని శేషయ్య సూటిగా అడిగాడు.

"నేను స్టీరింగు పక్క" అన్నాడు దేవదానం.

శేషయ్య నవ్వలేదు. ఓబులేసు కూడా నవ్వలేదు. "జారుకుంటాండాడు" అని మాత్రం ఒకేసారి అన్నారిద్దరూ. ఆ నెలలో వాళ్లు ఒప్పుకున్న మాట అదొక్కటే.

కలల సంగతి అతను అడిగేవాడే. జవాబు వచ్చేది కాదు. కొన్నాళ్లకు అడగడం మానేశాడు.

ఉగాది అయిపోయింది. ఒంటిపూట బడులు నడుస్తున్నాయి. పొద్దున్నే ఎండ కాస్తోంది. కోసేసిన చేలు కొండల దాకా నల్లగా, పగుళ్లుబారి ఉన్నాయి. ఆ పొద్దు ఉమామహేశ్వరమ్మ బండి ఎక్కినప్పటినుంచీ ఆమె ముఖంలో ఏదో తేడా గమనిస్తున్నాడు దేవదానం. కళ్లు ఉబ్బి ఉన్నాయి గానీ పెదవి చివర నవ్వు ఉంది. ఊరు దాటాక, అతను అడక్కుండానే ఆమే అంది.

"దేవదానం, నాకు రాత్రి కల వచ్చినాదప్పా."

ఆమె కల చెప్పడమే అరుదు. వెనక ఫోన్లు ఆగాయి. దేవదానం గేరు తగ్గించి బండిని మెత్తగా పోనిచ్చాడు, ఇంజను చప్పుడులో మాట పోకుండా.

"కేసీ కాలువ గట్టు మింద పోతాండా. పొద్దో మాపో తెలీదు. ఎండ లేదు, చీకటీ లేదు. నీళ్లు నిండుగా పోతాండాయి గానీ సప్పుడు ల్యా. సైకిలు మింద..."

అంతే. వెనకనుంచి ఓబులేసు చప్పట్లు కొట్టాడు.

"అబ్బ! ఇంటిరా? సైకిలంట! టీచరమ్మ కలలోకి గూడా మనోళ్లే వస్తాండారు. ఇంగ గెలిచినట్లే!"

అతని బెంచీ అంతా ఈలలు వేసింది. ఎదుటి బెంచీలో శేషయ్య ముఖం ఎర్రబడింది.

"ఇన్నాళ్లూ గమ్మున కూర్చుంటే నువ్వు మంచిదానివనుకుంటి టీచరమ్మా. లోపల ఇది పెట్టుకోనుండావా? పిల్లోళ్లకు చదువు చెప్పేటోళ్లు బండ్లల్ల ప్రచారాలు చెయ్యొచ్చునా?"

"శేషయ్యా, ప్రచారం ఏందప్పా? నేను చెప్పేది..."

"సైకిలని చెప్తివి గదా! ఇంగేం చెప్పాల?"

"సైకిలంటే నీకు యాల మంట?" అని ఓబులేసు లేచి వంగి నిలబడ్డాడు. శేషయ్య కూడా లేవబోయి పైకప్పుకు తల కొట్టుకున్నాడు. ఒకరు రోడ్ల గురించి, ఒకరు నీళ్ల గురించి, ఒకరు ఎవరో నాయకుడి ఇంటి గురించి అరుస్తున్నారు. ఆమె రెండుసార్లు నోరు తెరిచింది. "అది నా కలప్పా" అంది ఒకసారి. దేవదానం ఒక్కడికే వినిపించింది.

శిరివెళ్ల వచ్చింది. "బండి ఆపు దేవదానం" అంది ఆమె.

ఆపాడు. ఆమె దిగి, సంచి భుజానికి తగిలించుకుని, వెనక్కి చూడకుండా బస్సులు ఆగేచోటికి నడిచింది. వెనక అరుపులు ఆగలేదు. ఆమె దిగిన సంగతి వాళ్లు చూశారో లేదో. దేవదానం ఒక్క క్షణం ఆగి, బండి ముందుకు పోనిచ్చాడు. అద్దంలో ఎండ సెగకు రోడ్డంతా నీళ్లలా కదులుతుంటే ఆమె చీర ఆ నీళ్లలో పడి వంకర్లు తిరిగి, చిన్నదై, కనబడకుండా పోయింది.

మరుసటి రోజు నుంచి ఆమె బస్సులో పోవడం మొదలుపెట్టింది. బండి పక్కనుంచి బస్సు దాటేటప్పుడు కిటికీలో ఆమె కనిపించేది. అతను హారను కొట్టేవాడు కాదు. ముందుసీటు ఖాళీగా ఉంచాడు. ఎవరన్నా కూర్చోబోతే "ఆ సీటు బాగల్యా, ఎనక కూర్చోప్పా" అనేవాడు. తోలుతూ తోలుతూ ఆ పక్కకు చూసేవాడు. కాలువ, గట్టు, చప్పుడు లేని నీళ్లు. ఆ తర్వాత ఏమైందో తెలియదు. సగంలో ఆగిపోయిన ఆ కల అతని తలలో అట్లాగే నిలబడి ఉండేది. నిద్రలోకి జారేముందు తనే ఆ గట్టు మీద కొంచెం దూరం నడిచి చూసేవాడు. ముందుకు దారి కనిపించేది కాదు.

ఆదివారం చర్చి అయ్యాక కృపమ్మే అంది. "పోదాం రాయ్యా. అడిగితే ఏమైతాది?"

ఇద్దరూ ఉమామహేశ్వరమ్మ ఇంటికి పోయారు. ఆమె వసారాలో చింతపండు గింజ తీస్తూ ఉంది. వీళ్లను చూసి పీటలు వేసింది, మజ్జిగ ఇచ్చింది. కోపంగా లేదు. అది దేవదానానికి ఇంకా కష్టంగా అనిపించింది. కాసేపు ఎండ గురించి మాట్లాడుకున్నారు. చివరికి అతనే అడిగాడు.

"టీచరమ్మా, ఆ కల... ఆడనే ఆగిపాయ. ఆ తర్వాత ఏమాయనో చెప్తావా?"

ఆమె చేతిలోని చింతపండు పళ్లెంలో పెట్టి, వీధివైపు చూసింది. మాట మొదలయ్యేసరికి గొంతు మారిపోయింది. దేవదానానికి తెలిసిన ఆ గొంతే.

"మా సారు తొక్కుతాండె. నేను ఎనక క్యారియర్ మింద కూర్చోనుండా. ఆయన పాత సైకిలే. బెల్లు మోగేది కాదు సూడు, అదే. తెల్లచొక్కా, ఈపు కనపడ్తాండె. మొగము కనపళ్లా. ఒక్కసారి తిరగమని అడుగుదామంటే నోరు రాల్యా. గట్టు అయిపోయి దారి కొండల్లోకి పోతాండె. చెట్లన్నీ మసగ్గా, నీళ్లలోపల ఉన్నట్ల. నేను దిగబోతిని. అప్పుడన్యాడు. 'దిగొద్దు, ఇంకా చానా దూరముంది' అన్యాడు. అంతే. ఆ గొంతు ఇని ఎన్నేండ్లాయనో. ఆయన పోయినప్పట్నుంచి ఒక్కసారి గూడా కలలోకి రాల్యా దేవదానం. ఎంత అనుకోని పండుకున్యా రాల్యా. వచ్చిన పొద్దే తీస్కోనొచ్చి మీ బండిలో చెప్తి."

కృపమ్మ లేచి ఆమె పక్కన కూర్చుంది. ఇద్దరూ చింతపండు గింజ తీయడం మొదలుపెట్టారు.

"నా కలకు నేను సంజాయిషీ చెప్పుకోవాల్నా అప్పా?" అంది ఉమామహేశ్వరమ్మ కాసేపటికి. "ఓటు యాడ ఏసేదీ నాకు తెలుసు. అది నా ఇష్టం. కానీ పండుకున్యప్పుడు గూడా నన్ను వదిలిపెట్టకపోతే ఎట్ల?"

సోమవారం పొద్దున అందరూ వచ్చి బండి ఎక్కి కూర్చున్నారు. దేవదానం తలుపు దగ్గర నిలబడ్డాడు. తాళంచెవి జేబులో ఉంది.

"ఈ పొద్దు బండి కదల్దు."

"యాల? డీజిల్ ల్యాదా?" అన్నాడు శేషయ్య.

"డీజిల్ ఉండాది. నాకే మనసు ల్యా." అతనికి పెద్ద మాటలు రావు. చెప్పదలుచుకున్నది ఒకేసారి చెప్పేశాడు. "ఆ పొద్దు టీచరమ్మ చెప్పిన సైకిలు ఎవురిదో తెలుసునా? మద్దిలేటి సారుది. సారు తొక్కుతాంటే ఆయమ్మ ఎనక కూర్చోని పోతాండె. ఆయప్ప పోయినంక తొలీసారి కలలోకొచ్చినాడు. ఆ మాట చెప్పనీకి వస్తే మనం ఏం జేస్తిమి? మీరు అరిస్తిరి. నేను తోలుకుంటా పోతిని."

ఓబులేసే ముందు తేరుకున్నాడు.

"తెలిసి అన్యామా? చెప్పింటే అయిపోవు గదా."

"చెప్పనిస్తే గదా ఓబులేసూ."

"అయితే ఇప్పుడేందీ? పొద్దన్నే పనికి పోయేటోళ్లను కూర్చోబెట్టి బుద్ధులు చెప్తావా? నీ బండి ఒగటే ఉండాదా ఊర్లో?" ఓబులేసు తన సంచి లాక్కుని దిగాడు. ముఖంలో సిగ్గు ఉంది. ఆ సిగ్గు మీదే అతనికి కోపం వచ్చినట్టుంది. జెండా కట్టిన ఇంకో బండి వైపు విసవిసా పోయాడు. అతని వెనకే ఇంకో ఇద్దరు పోయారు.

శేషయ్య కదల్లేదు. బండి మెట్టు మీద కూర్చుని, కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"మద్దిలేటి సారు సైకిలా" అన్నాడు తనలో తాను. "ఒక ఏడు వాగు పొంగి బడికాడ పిల్లోళ్లు ఇరుక్కపోయిరి. మా అమృతను సీటు మింద కూర్చోబెట్టి, సైకిలు పట్టుకోని, నడుముల్లోతు నీళ్లలో నడిపిచ్చుకోని వచ్చినాడు మా ఇంటికి. తలకాయ తుడుచుకోనీకి టవలిస్తే, పాప తల ముందు తుడువన్యాడు. ఆ సైకిలు... దాన్ని పట్టుకోని నేను..." కండువా మళ్లీ ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

ఆ రోజు మాపటేల శేషయ్య ఒక్కడే ఉమామహేశ్వరమ్మ ఇంటికి పోయాడు. లోపలికి రాకుండా వాకిట్లోనే నిలబడి, ఊరందరికీ వినిపించే తన గొంతుతోనే అన్నాడు. "అక్కా, నోరు జారినా. తప్పు నాది. రేపట్నుంచి బండికి రా."

"లోపలికి రా శేషయ్యా, నీళ్లు తాగు" అంది ఆమె. అతను తాగాక చెప్పింది. "నీ మింద కోపం ల్యా. ఆ బండిలో నాకు గాలాడదు. ఎన్నికలు కానీ. బళ్లు తెరిచినంక చూద్దాం."

అతను తల ఊపి వచ్చేశాడు. క్షమించానని ఆమె అనలేదన్న సంగతి ఇల్లు చేరాక గానీ అతనికి తట్టలేదు. మరుసటి రోజు దేవదానానికి అదే చెప్పాడు. "నీళ్లిచ్చింది గానీ మాట ఇయ్యల్యా అప్పా."

పోలింగు అయిపోయింది. ఎండలు ముదిరాయి. లెక్కింపు రోజు పొద్దున్నే నంద్యాలకు పోతుంటే దారంతా ఖాళీ. మాపటికి ఫలితాలు తెలిసిపోయాయి. ఒక పక్క టపాకాయలు, రంగులు, మోటారుసైకిళ్లు. ఇంకో పక్క మూసిన తలుపులు. దేవదానం బండి నంద్యాల బస్టాండు దగ్గర తిప్పుకుని వచ్చేసరికి ఓబులేసు ఒక మూసేసిన అంగడి చూరు కింద నిలబడి ఉన్నాడు. అతను రోజూ పోయే జెండా బండి ఊరేగింపులోకి పోయింది. బట్టల మీద ఎవరో చల్లిన రంగు ఉంది. చేతిలో టిఫిను క్యారియరు. దేవదానం బండి ఆపి తలుపు తెరిచాడు. ఓబులేసు అటూ ఇటూ చూసి ఎక్కాడు. లోపల శేషయ్య ఒక్కడే ఉన్నాడు. ఆయన కొంచెం జరిగి చోటు ఇచ్చాడు.

అయ్యలూరు మెట్ట దగ్గరికి వచ్చేసరికి వాన పట్టుకుంది. ఆ ఏటికి మొదటి పెద్ద వాన. రోడ్డు, చేలు, ఆకాశం అన్నీ ఒకటే బూడిదరంగు అయిపోయాయి. వంపులో నీళ్లు రోడ్డు మీదికి వచ్చి పారుతున్నాయి. దేవదానం బండిని ఒక పక్కకు ఆపి ఇంజను ఆర్పాడు. అద్దాల మీద నీళ్లు జారుతుంటే బయట ఉన్నవన్నీ కరిగి కదిలాయి. మట్టివాసన లోపలికి వచ్చింది. ముగ్గురూ ఎక్కడో ఊరూ పేరూ లేని చోట, నీళ్ల అడుగున కూర్చున్నట్టుంది.

చాలాసేపటికి ఓబులేసు క్యారియరు తెరిచాడు. మెస్సులో ఎవరూ రాక మిగిలిపోయిన పులగం, పచ్చడి. మూతలో పెట్టి శేషయ్యకు చాపాడు. శేషయ్య తీసుకున్నాడు. దేవదానానికి కూడా అందింది. ముగ్గురూ వాన చూస్తూ తిన్నారు.

వానలో తడుస్తూ జెండాలు పట్టుకుని మోటారుసైకిళ్ల మీద పోతున్న మనుషులు బండి పక్కన ఆగారు. ఒకడు అద్దం మీద కొట్టి అరిచాడు. "ఎవురి బండన్నా ఇది? మనోళ్లదేనా?"

ఓబులేసు వాళ్లకు తెలిసినవాడే. రంగు పూసిన చొక్కాతో ఉన్నాడు. నోరు తెరవబోయి శేషయ్య వైపు చూశాడు. శేషయ్య నోట్లో ముద్ద ఉంది.

"ఆళ్లగడ్డ బండి" అన్నాడు ఓబులేసు. "నీళ్లు తగ్గినంక పోతాది. మీరు పోండప్పా."

వాళ్లు పోయారు.

అప్పట్నుంచి అంతా మునుపటిలా అయిపోయిందంటే అది అబద్ధం. బళ్లు తెరిచాక ఉమామహేశ్వరమ్మ బండికి వచ్చింది. తన సీట్లోనే కూర్చుంది. ఎన్నికల డ్యూటీలో పొద్దంతా వేళ్లకు సిరా పూసి పూసి చెయ్యి నొప్పి పుట్టిన సంగతి చెప్పింది. "అన్నీ పని చేసి కాయలు కాసిన ఏళ్లే దేవదానం. సూస్తే ఎవురిది ఏదో ఏం తెలుస్తాది?" అంది. కానీ వెనక శేషయ్య, ఓబులేసు ఇంకా పక్కపక్కన కూర్చునేవాళ్లు కాదు. ఒక్కోసారి ఏదో వార్త మీద మళ్లీ గొంతులు లేచేవి. అప్పుడు ఆమె వెనక్కి తిరిగి ఊరికే చూసేది, క్లాసులో చూసినట్టు. ఆగిపోయేవాళ్లు. కొన్ని రోజులు ఆగేవాళ్లు కూడా కాదు. దేవదానం పాత ప్రశ్న అడగలేదు. అడగాలనిపించినా, ఆమె పక్కన ఉందని ఊరుకునేవాడు.

శ్రావణంలో శ్రీశైలం గేట్లు ఎత్తారని తెలిసింది. కృపమ్మ ఆ నీళ్లు చూడాలని ఎప్పటినుంచో అంటోంది. దేవదానం ఒక ఆదివారం బండి తీస్తున్నానని, రావాలనుకున్నవాళ్లు రావచ్చని చెప్పాడు. ఆ రోజు పొద్దుటి ఆరాధనకే పోయి వచ్చారు ఇద్దరూ. బండి దగ్గరికి వచ్చేసరికి రోజూ ఎక్కే ఆ ముగ్గురూ నిలబడి ఉన్నారు. శేషయ్య వెంట కూతురు అమృత కూడా వచ్చింది. ఆత్మకూరు దాటి, అడవిలో పడి, మలుపు తర్వాత మలుపు తిరుగుతూ పోయారు. చెట్ల మధ్య మబ్బులు కిందికి దిగి రోడ్డు దాటుతుంటే బండి వాటికి దారి ఇస్తూ మెల్లగా పోయింది. ఓబులేసు కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, మబ్బు తగిలిందన్నాడు. అమృత నవ్వింది.

సున్నిపెంట దగ్గర బండి ఆపి నడిచారు. డ్యాము కనపడకముందే మోత వినిపించింది. కనపడ్డాక ఇంకేమీ వినిపించలేదు. గేట్లలోంచి నీళ్లు దూకి, అడుగున పగిలి, తెల్లటి పొగలా లేచి కొండల మీదికి పోతున్నాయి. ఆ తుంపర అందరి మీదా పడుతోంది. జుట్లు, చొక్కాలు, కనురెప్పలు తెల్లగా మెరుస్తున్నాయి. చుట్టూ ఎంతమంది జనం ఉన్నా ఎవరి మాటా ఎవరికీ అందదు. నోళ్లు కదులుతున్నాయంతే.

ఉమామహేశ్వరమ్మ కొంగు తలమీద కప్పుకుని కృపమ్మ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఇద్దరూ నీళ్లనే చూస్తున్నారు. దేవదానం కొంచెం వెనక, తడవకుండా ఒక రాయి మీద కూర్చున్నాడు. నడుము నొప్పిగా ఉంది, మనసు తేలికగా ఉంది.

కమ్మీల దగ్గర శేషయ్య ఏదో చెబుతున్నాడు. ఓబులేసు వినపడలేదని చెయ్యి ఆడించాడు. శేషయ్య ఇంకా గట్టిగా చెప్పాడు. ఆయన అంత పెద్ద గొంతు కూడా ఆ నీళ్ల ముందు చాల్లేదు. చివరికి ఓబులేసు దగ్గరికి జరిగి, భుజం మీద చెయ్యి వేసి, చెవి ఆయన నోటికి ఆనించాడు. శేషయ్య చెప్పాడు. ఓబులేసు తల ఊపాడు. తర్వాత ఓబులేసు ఏదో చెప్పబోతే శేషయ్య తన చెవి చూపించాడు.

అమృత దేవదానం దగ్గరికి వచ్చి, వాళ్లను చూపిస్తూ ఏమో అడిగింది. అతనికి వినపడలేదు. ఏం మాట్లాడుకుంటున్నారు అని అడిగి ఉంటుంది. అతను నవ్వి, పక్కన రాయి మీద చెయ్యి తట్టాడు. ఆ పిల్ల కూర్చుంది. గాలి ఇటు తిరిగింది. తుంపర వాళ్ల మీదికీ వచ్చింది.